ఇంటి లారీలో కుళాయి

మా ఇంట్లో పిల్లలు చుట్టూ మూగి కథ చెప్పమంటే రాజుల కథలు, నక్కల కథలు ఎన్నైనా చెప్పేదాన్ని గానీ దయ్యాల జోలికి మాత్రం పోయేదాన్ని కాదు. భయపడి కాదు, నమ్మకం లేక. దయ్యం పట్టిందన్న ఆడవాళ్ళను మా వాడలోనే చాలామందిని చూశాను. వాళ్ళలో కొందరికి కడుపుకు తిండి లేదు, కొందరికి ఇంట్లో పోరు. దయ్యాన్ని మాత్రం ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు చెప్పేది కథ కాదు, నాకు జరిగింది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. అయినా చూసింది చూసినట్టు చెప్పగలను. ఎందుకు జరిగిందని మాత్రం నన్ను అడగొద్దు.

తెల్లదొరల కాలం. పెద్ద యుద్ధం ఆగిపోయాక వచ్చిన చలికాలం అది. మా ఆయన కోటయ్య రోడ్డు రోలరు నడిపేవాడు. బొగ్గు వేసి ఆవిరితో నడిపే రోలరు. మాచర్ల నుంచి వెల్దుర్తి వైపు కంకర రోడ్డు వేస్తున్నారు. ఊరికి దూరంగా, నాపరాళ్ళ బీట్లో పని. నరసరావుపేటలో మేం అద్దెకుంటున్న గది ఇంటివాళ్ళకే కావలసి వచ్చింది, ఖాళీ చేయమన్నారు. ఆయన ఒకచోట, పసిపిల్లతో నేనొకచోట ఉండటం నాకు ఇష్టం లేదు.

"ఉంటే ముగ్గురం ఒకచోటే ఉందాం. చెట్టు కిందయినా సరే" అన్నాను.

"ముగ్గురేంది? నన్ను బావిలో తోసిపోతావా?" అని మా అత్త అచ్చమ్మ అప్పటికే మూట కట్టుకుంటోంది.

మాకు దొరికింది చెట్టు కాదు, లారీ. పటాలం వాళ్ళు వాడి వదిలేసిన లారీ. యుద్ధం అయ్యాక సర్కారు అమ్మేసిన వాటిలో మా కంట్రాక్టరు కొన్నాడు. వెనక సామాను వేసే చోట రేకులతో గది కట్టి ఉంది. అటూ ఇటూ పడుకునే బల్లలు, ఒక చిన్న కిటికీ, తలుపుకు లోపలి గడియ. కప్పు కింద ఒక మూల నీళ్ళ తొట్టి. ఆ తొట్టి నుంచి రేకు గోడ వెంట దిగే ఇనప పైపు, దాని చివర ఇత్తడి కుళాయి. అది ఏ దేశాలు తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇంజను పనిచేయకపోతే ఎడ్లను కట్టి లాక్కొచ్చి రోడ్డు పక్కన నిలబెట్టారు. రాళ్ళు కొట్టేవాళ్ళు దాన్ని ఇంటి లారీ అనేవారు.

నేను ఊడ్చి కడుగుతుంటే బల్ల కింద ఒక ఖాకీ ఉన్ని పట్టీ దొరికింది. జానెడు వెడల్పు కూడా లేదు గానీ చాలా పొడుగు. పోలీసులు పిక్కలకు చుట్టుకునేది అలాంటిదే. ఉతికి, గోడకూ గోడకూ మధ్య దండెంగా కట్టి, బిడ్డ గుడ్డలు దాని మీద ఆరేసేదాన్ని.

ఇక నీళ్ళ సంగతి చెప్పాలి. మా కష్టమంతా నీళ్ళతోనే.

ఆ బీట్లో ఒక బావి ఉంది. దాని నీళ్ళు కుండలో మరిగిస్తే అంచు వెంబడి తెల్లటి పొర కట్టేది. రోలరు లోపల సున్నం పేరుకుంటోందని మా ఆయన రోజూ గొణిగేవాడు. మనుషులు మాత్రం ఆ నీళ్ళే తాగేవారు. మా సుబ్బులుకు అప్పటికింకా పళ్ళు రాలేదు. నాకు జ్వరం వచ్చి పాలు తగ్గిపోతే, మేకపాలలో నీళ్ళు కలిపి పట్టేవాళ్ళం. బావి నీళ్ళు కలిపేసరికి బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి, ఏడవటానికి కూడా ఓపిక లేదు. ఎత్తుకుని మాచర్ల ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు చూసి మందిచ్చి, "మంచినీళ్ళు కాచి చల్లార్చి అవే పట్టండి. ఆ బావి నీళ్ళు ఇంకోసారి పడితే ఈ పిల్లను నా దగ్గరికి తెచ్చే పని ఉండదు" అన్నాడు.

మంచినీళ్ళు వెల్దుర్తి దగ్గర బావి నుంచి పీపాయి బండిలో వారానికొకసారి వచ్చేవి. మా వాటా లారీ తొట్టిలో పోయించుకునేదాన్ని. అవి అయిపోతే మళ్ళీ బండి వచ్చేదాకా చుక్క పుట్టదు. వంటకూ, ఒంటికీ అంతా బావి నీళ్ళే. తొట్టి నీళ్ళు సుబ్బులువి. వాటి జోలికి మా ఆయన వచ్చినా ఊరుకునేదాన్ని కాదు.

మార్గశిరం వచ్చింది. చలి పెరిగింది. చలంటే ఎంత, పల్నాటి చలే. మాకు తెలిసిన గడ్డకట్టడమల్లా సీసాలో కొబ్బరినూనె పేరుకోవటం. పొద్దున్నే సీసా ఎండలో పెడితే కరిగేది.

ఒకరోజు తెల్లవారుతుండగా లేచి చూస్తే కుళాయి కారుతోంది. చుక్కలు కాదు, సన్నటి దారంలా ఒకటే ధార. ఆ నీళ్ళు అడుగు చెక్కల సందుల్లోంచి నేల మీదికి పోయి, బీటలు వారిన నేలలో ఇంకిపోతున్నాయి. గబగబా కట్టేసి, బల్ల ఎక్కి తొట్టిలోకి తొంగి చూశాను. నీళ్ళు బాగా దిగిపోయాయి.

"రాత్రి ఈ కుళాయి ఎవరు విప్పారు?" అని అరిచాను.

"నేనెందుకు విప్పుతానే? నాకు దప్పికైతే నా కుండ నాకుంది గదా" అన్నాడు ఆయన దుప్పట్లోంచే.

"నా వంక చూస్తావేంది? ముసల్దాని చేతులు వణికితే కుళాయిలు ఊడొస్తాయా?" అంది అత్త.

మర్నాడూ అంతే. కుళాయి పాతదయి వదులైందేమోనని ఆయన విప్పి చూశాడు. లోపల తోలు బిళ్ళ బాగానే ఉంది. అయినా కొత్తది కోసి వేశాడు. సాయంత్రం పానాతో తన బలమంతా పెట్టి బిగించాడు. తెల్లారేసరికి మళ్ళీ అదే ధార.

నేను గమనించింది ఒకటుంది. చెడిపోయిన కుళాయి ఒకరోజు ఎక్కువ కారుతుంది, ఒకరోజు తక్కువ. ఇది రోజూ ఒకే సన్నం. ఎవరో నిలబడి, చూసి చూసి అంతవరకే విప్పినట్టు ఉండేది.

నిద్రలో నేనే లేచి విప్పుతున్నానని మా అత్తకు అనుమానం. నా కొంగు తన కొంగుకు ముడేసుకుని పడుకుంది. "ఇప్పుడు లే చూద్దాం. లేస్తే నేనూ వస్తా నీ ఎంట, ఇద్దరం కలిసి పారబోద్దాం" అంది. తెల్లవారింది. ముడి ముడిలాగే ఉంది. లోపలి గడియ పడే ఉంది. కుళాయి కారుతోంది.

అంతేకాదు, ఆ రోజు దండెం లేదు. బిడ్డ గుడ్డలు మడతపెట్టి బల్ల మీద ఉన్నాయి. ఖాకీ పట్టీ పైపుకు చుట్టి ఉంది. కింద కుళాయి దగ్గర మొదలుపెట్టి పైదాకా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేట్టు, ఎక్కడా ఇనుము కనపడకుండా చుట్టారు. చివర ముడి లేదు. కొస లోపలికి దోపి ఉంది.

నేను పట్టీ విప్పి మళ్ళీ దండెం కట్టాను. నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరైతే నాకేం, పోతున్నవి నా బిడ్డ నీళ్ళు.

నేను రోజూ విప్పటం, తెల్లారేసరికి పట్టీ మళ్ళీ పైపుకే ఉండటం. ఆ తర్వాత కుంపటి కూడా కదిలింది. చలికి రోలరు బొగ్గులు నాలుగు కుంపట్లో వేసి తలుపు దగ్గర పెట్టుకునేవాళ్ళం. తెల్లారి చూస్తే అది పైపు కింద ఉంది. ఆ సంగతి రాళ్ళు కొట్టేవాళ్ళకు తెలిసింది. ఆడవాళ్ళు వచ్చి, అందులో చచ్చిపోయిన సిపాయెవడో ఉన్నాడు, దిగి రమ్మన్నారు. పనిమీద ఉండే మేస్త్రీ కూడా గుడిసె ఒకటి ఖాళీ చేయిస్తానన్నాడు. మా ఆయన మెత్తబడ్డాడు.

"దిగుదాం పదవే. పసిదానితో ఎందుకొచ్చిన గోల?"

"గుడిసెలో తొట్టి ఉందా? మంచినీళ్ళు మట్టికుండలో ఎన్నాళ్ళు దాస్తావు? తేళ్ళు తిరిగే నేల మీద బిడ్డను పడుకోబెడతావా? నేను దిగను. దిగితే ఆ సిపాయే దిగాల" అన్నాను.

అన్నాను గానీ ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి ఒక ఉపాయం పట్టాను. పొద్దుగూకగానే ఇత్తడి బిందె కడిగి కుళాయి కింద పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టాను. కారితే కారనీ, చుక్క కూడా నేలపాలు కాదు. తెల్లారేసరికి బిందె నిండుగా ఉంది. నేను గెలిచాననుకున్నాను.

పొయ్యి రాజేసి వచ్చేలోపల మా అత్త ఆ బిందె తీసుకుపోయి తుమ్మచెట్టు మొదట్లో కుమ్మరించింది.

"అత్తా! ఏం పని అది?"

"చచ్చినోడు పోసిన నీళ్ళు నా మనవరాలికి పడతావటే! బుద్దుండే మాట్లాడుతున్నావా? చానా గొప్ప ఉపాయం తీశావు పో!"

ఆమె మాట ఆమెది. మా వాళ్ళలో చచ్చినవాళ్ళకు నీళ్ళు వదులుతాం గానీ వాళ్ళు వదిలిన నీళ్ళు ముట్టం. ఆమెతో వాదించి లాభం లేదని తెలుసు. రెండోరోజూ అట్లాగే పారబోసింది. తొట్టిలో నీళ్ళు అడుగుకు వచ్చాయి. బండి రావటానికి ఇంకా రోజులు ఉన్నాయి. బిడ్డ కళ్ళల్లోకి అప్పుడప్పుడే వెలుగు వస్తోంది.

ఆ రోజే లారీ ఇంజను చూడటానికి మాచర్ల నుంచి ఖాదర్ వచ్చాడు. మెకానిక్కు. మా ఆయనకు స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు. యుద్ధంలో పటాలం లారీలు బాగుచేసి వచ్చాడు. చేతులు కడుక్కుందామని లోపలికి వచ్చినవాడు, ఆ పొద్దు నేనింకా విప్పని పట్టీని చూసి ఆగిపోయాడు.

"కోటయ్యా, ఇది ఎవరు చుట్టారు? నువ్వేనా?"

"నాకెక్కడొచ్చు ఖాదరన్నా? ఏంది సంగతి?"

అతను పట్టీ మీద చెయ్యి వేసి చుట్లన్నీ తడిమాడు. గోడ రేకు మీద వేలితో కొట్టి విన్నాడు. అది రెండు రేకుల గోడట, మధ్యలో ఉన్ని కూరారట. మంచు పడే కొండల్లో మనుషులు కాపురం ఉండటానికి అట్లా చేస్తారట.

"అక్కడ చలికి పైపులో నీళ్ళు రాయయిపోతాయి చెల్లెమ్మా. రాయయితే పైపు పగులుద్ది. పగిలితే లోపలున్నోళ్ళకు తాగను చుక్కుండదు. అందుకని రాత్రిపూట కుళాయి దారంలాగా వదలాల. కదిలే నీళ్ళు తొందరగా గడ్డకట్టవు. పైపుకు ఉన్ని చుట్టాల, కింద నిప్పులు పెట్టాల. నేను చేశాను ఈ పని. అందరం చేశాం."

మొదట నవ్వింది మా అత్తే.

"నీళ్ళు రాయవటమేంది నాయనా! ఇక్కడ రాళ్ళు ఎండకు నీళ్ళవకుండా ఉంటే చాలు."

ఖాదర్ కూడా నవ్వాడు. "ఇక్కడ అట్టాంటిది ఎక్కడైద్దిలే అమ్మా" అన్నాడు.

"ఒకవేళ అయితే, నీళ్ళు పారబొయ్యకుండా ఉపాయం లేదా?" అని అడిగాను. నా గోల నాది.

"ఎందుకు లేదు? తొట్టి వెనకమాల నీళ్ళు ఆపే పిడి ఒకటుంది, మీరు చూసుండరు. అది తిప్పేసి, పైపులో ఉన్న కాసిని నీళ్ళూ పొద్దుగూకే లోపల దించెయ్యటమే. ఖాళీ పైపుకు పగిలే పనేముంది?"

విన్నాను గానీ ఆ పని చెయ్యలేదు. పల్నాట పుట్టినదాన్ని, ఉత్త చలికే నీళ్ళు గడ్డకడతాయంటే నాకు ఎట్లా నమ్మకం కలుగుతుంది?

కానీ కోపం పోయింది. దొంగ అనుకున్నవాడు కాపలావాడని తెలిసినట్టయింది. సాయంత్రం దీపం పెట్టి, పట్టీ విప్పి దండెం కట్టి, కుళాయి ముందు నిలబడ్డాను. మా అత్త చెంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"అయ్యా, నువ్వెవరివో నాకు తెలియదు. నువ్వు చేసేది మంచికేనని ఇప్పుడు తెలిసింది. ఇది నీ కొండదేశం కాదు, పల్నాడు. ఇక్కడ నీళ్ళు గడ్డకట్టవు. ఆ తొట్టిలో ఉన్నది నా బిడ్డ ప్రాణం. ఇక కుళాయి ముట్టుకోవద్దు. కాపలా కాయాలని ఉంటే నా బిడ్డకు కాయి" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో నాకు తెలియదు. నోటికి వచ్చింది, అన్నాను.

తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చింది. అట్లాంటి చలి నేనెప్పుడూ ఎరగను. నా ఊపిరి పొగలాగా కనిపిస్తోంది. కుళాయి చప్పుడు లేదు. మాట విన్నాడు అనుకున్నాను. అంతలోనే బిడ్డ గుర్తొచ్చింది. ఇంత చలిలో బిడ్డ ఏడవటం లేదు.

ఉయ్యాలలో చెయ్యి పెట్టాను. పొదిగే కోడి కింద చెయ్యి పెడితే ఎట్లా ఉంటుందో అంత వెచ్చగా ఉంది.

దీపం తెచ్చి చూశాను. దండెం లేదు. ఖాకీ పట్టీ బిడ్డకు చుట్టి ఉంది. పాదాల దగ్గర మొదలుపెట్టి చంకల దాకా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేట్టు, బిగువు లేకుండా, జారకుండా. మేం బిడ్డను చుడితే గుడ్డ నలుచదరంగా పరిచి మడుస్తాం. అట్లా చుట్టటం మా ఇంట్లో ఎవరికీ రాదు. చివర ముడి లేదు. కొస లోపలికి దోపి ఉంది. కుంపటి ఉయ్యాల కిందికి, కాస్త ఎడంగా, వచ్చి ఉంది. బొగ్గుల మీద బూడిద కప్పి ఉంది.

సుబ్బులు నిద్రపోతోంది.

ఆయన్ను లేపాను. ఆయన దీపం పైపు దగ్గర పెట్టి, "ఇదేందే ఇది?" అన్నాడు. పైపంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. వంపు దగ్గర నిలువునా పగిలి ఉంది. ఆ చీలికలోంచి గాజులాంటిది బయటికి పొడుచుకుని వచ్చింది. వేలు పెడితే అంటుకుని చురుక్కుమంది. నరసరావుపేటలో సోడా కొట్టు దగ్గర ఐసు చూసి ఉన్నాను కాబట్టి అదేమిటో తెలిసింది.

నిలబడి ఆశ్చర్యపోవటానికి తీరిక లేదు. ఎండ పొడిచి ఆ గడ్డ కరిగిందంటే తొట్టిలో మిగిలినదంతా ఆ చీలికలోంచి పోతుంది. తొట్టి దగ్గరి పిడి చలికి బిగుసుకుపోయి తిరగలేదు. నేను బల్ల ఎక్కి చెంబుతో తోడాను. ఆయన అందుకుని బిందెలో పోశాడు. చేతులు కొయ్యబారిపోయాయి, అయినా ఆపలేదు. మా అత్త లేచి వచ్చి ఇంకో బిందె అందించింది. చివరి చెంబు గీకి తీస్తుండగా కిటికీలోంచి ఎండ పడింది. పైపు కన్నీళ్ళు పెట్టినట్టు కారటం మొదలుపెట్టింది. అప్పటికి అందులో పోవటానికి ఏమీ లేదు.

తలుపు తీసి దిగాను. బయట రోజూ ఉండే చలే. గడ్డి మీద మంచుబిందువులు ఉన్నాయి, గడ్డకట్టలేదు. బయట కుండలో బావి నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఇక నా నూనె సీసా లారీలోనే, ఆ పైపుకు చేతికందే దూరంలో ఉంది. అందులో నూనె సగమే పేరుకుంది. ఇది నేను నా కళ్ళతో చూసి, ఆయనకు చూపించి, మళ్ళీ చూసిన సంగతి.

ఖాదర్‌కు కబురు పంపాం. వచ్చి పైపు ముక్క చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇట్టాంటివి అక్కడ గుట్టలు గుట్టలు చూశా. కృష్ణకు ఈ పక్కన చూస్తాననుకోలా" అన్నాడు. పగిలినంత మేర కోసేసి కొత్త ముక్క వేశాడు. పోయే ముందు కుళాయి వైపు తిరిగి సలాం చేశాడు.

నవ్విన మా అత్త ఆ పొద్దు బిందెలో నీళ్ళు తానే కాచి చల్లార్చి, మేకపాలలో కలిపి, బిడ్డకు తానే పట్టింది. సాయంత్రం ఒక లోటాలో వేడినీళ్ళు పోసి కుళాయి పక్కన పెట్టింది. నేను చూశానని తెలిసి, "చలికి వచ్చినోడు గదా పాపం" అని మొహం తిప్పుకుంది.

ఆ చలికాలం పోయేదాకా నేను రోజూ పొద్దుగూకే లోపల పిడి తిప్పి, పైపులో నీళ్ళు బిందెలోకి దించేసి, పైపుకు గోనె చుట్టేదాన్ని. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు విరగబడి నవ్వేవారు. పల్నాట నీళ్ళు గడ్డకట్టకుండా కాపలా కాసిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. మళ్ళీ కుళాయి ఎవరూ విప్పలేదు. కుంపటి కదలలేదు. రోడ్డు ముందుకు సాగింది, మేమూ సాగాం. ఆ లారీని తర్వాత కంట్రాక్టరు ఎవరికో ఇచ్చేశాడు. సుబ్బులు బతికింది. దాని పిల్లలకే నేనిప్పుడు కథలు చెబుతున్నాను.

నీళ్ళు ఎట్లా గడ్డకట్టాయంటే నాకు తెలియదు. పక్కనే నూనె పూర్తిగా ఎందుకు పేరుకోలేదంటే తెలియదు. మా ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ పట్టీ తీసుకుని బిడ్డకు అట్లా చుట్టాలని చూశాడు, రాలేదు.

ఒక్కటే నేను మరిచిపోలేనిది. ఆ లారీలో ఉన్ని పట్టీ ఒక్కటే. పైపుకు చుడితే బిడ్డకు లేదు, బిడ్డకు చుడితే పైపుకు లేదు. ఆ చలిలో ఎవరో దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి, రెండింటినీ చూసి ఉండాలి.